అండమాన్ ట్రిప్‌కి తేదీలు ఎలా ఎంచుకోవాలి?

"అండమాన్ ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?" అని ఎవరినడిగినా "అక్టోబర్ నుంచి మే దాకా ఎప్పుడైనా వెళ్ళొచ్చు" అనేస్తారు. ప్యాకేజీలు అమ్మేవాళ్ళయితే "ఏడాదంతా బాగుంటుంది సార్" అంటారు. అక్టోబర్ నుంచి మే అంటే ఎనిమిది నెలలు. అందులో బంగాళాఖాతం తుపానులున్నాయి, సంక్రాంతి రద్దీ ఉంది, అల అన్నదే లేని సముద్రం ఉంది, చివర్లో రుతుపవనాల మొదటి జల్లు కూడా ఉంది. ఇంటిల్లిపాదికీ విమానం టికెట్లు, ఫెర్రీలు, రిసార్టులు కలిపితే చిన్న ఖర్చు కాదు. కాబట్టి ఆ ఎనిమిది నెలల్లోంచి మీకు సరిపోయే ఆరు రోజుల్ని ఎలా వెతుక్కోవాలో ఒక్కో మెట్టుగా చూద్దాం.

ముందుగా పేర్ల సంగతి. పోర్ట్ బ్లెయిర్‌ని 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురంగా మార్చారు. అంతకు ముందే, 2018 డిసెంబర్‌లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ ఐలాండ్‌కి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేరు పెట్టారు. టికెట్ల మీద, బోర్డుల మీద పాత పేరు ఒకచోట, కొత్త పేరు ఒకచోట కనిపిస్తాయి. రెండూ ఒకటేనని గుర్తుంటే బుకింగ్ దగ్గర కంగారుండదు. ఇక్కడ అందరి నోటా నలిగిన పాత పేర్లే వాడుతున్నాను.

మొదటి మెట్టు: దేనికోసం వెళ్తున్నారో తేల్చుకోండి

ఇది చేయకుండా నెల గురించి ఆలోచించడం దండగ. ఎందుకంటే అండమాన్‌లో ఒకరికి మంచి నెల ఇంకొకరికి చెడ్డ నెల.

స్కూబా, స్నార్కెలింగ్ ప్రధానమైతే మీకు కావాల్సింది నీటి అడుగున స్పష్టత. ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ చివరిదాకా చూసుకోండి. గాలి పడిపోయి, నీళ్ళు తేటపడి, అడుగున చేపలు బాగా కనిపించే కాలం అది. కాకపోతే ఒడ్డు మీద ఎండ మాడ్చేస్తుంది. ఏప్రిల్ చివర్లో, మే నెలలో సముద్రపు నీళ్ళు ఏడాదిలోకెల్లా వేడిగా ఉంటాయి. ఆ వేడి మితిమీరిన సంవత్సరాల్లో పగడాలు తెల్లగా పాలిపోతాయి. 2010లో, మళ్ళీ 2016లో అక్కడ అదే జరిగింది. రంగురంగుల పగడాలే చూడాలని పట్టుదల ఉంటే మార్చిలోనే వెళ్ళిరండి.

అమ్మానాన్నల్ని తీసుకెళ్ళి సెల్యులార్ జైలు, రాస్ ఐలాండ్, హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్ చూపించడమే పని అయితే డిసెంబర్ చివరి వారం నుంచి ఫిబ్రవరి దాకా నయం. రాస్ ఐలాండ్‌లో శిథిలాల మధ్య నడక, జైల్లో మెట్లు, వరండాల వెంట తిరుగుడు ఉంటాయి. ఏప్రిల్ ఎండలో డెబ్భై ఏళ్ళ మనిషికి అది శిక్షే. అయితే ఉష్ణోగ్రత అంకెలు చూసి మోసపోకండి. అండమాన్‌లో ఏ నెల చూసినా ఇంచుమించు 23 నుంచి 32 డిగ్రీల మధ్యే ఉంటుంది. హైదరాబాద్‌లో 40 చూసినవాళ్ళకి అది చల్లగా అనిపిస్తుంది కానీ, గాలిలో తేమ వల్ల అరగంట నడిచేసరికి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోతుంది. విశాఖ, కాకినాడ వాళ్ళకి ఈ ఉక్కపోత అలవాటే.

తాబేళ్ళు గుడ్లు పెట్టడం చూడాలంటే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య, ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ బీచ్‌కి వెళ్ళాలి. నాలుగు రకాల తాబేళ్ళు వచ్చే తీరం అది. పోర్ట్ బ్లెయిర్ నుంచి మూడు వందల కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం కాబట్టి, దానికోసం విడిగా మూడు రోజులు తీసి పెట్టుకోండి. మామూలు ప్యాకేజీలో ఇరికించే పని కాదు.

రాత్రిపూట నీళ్ళలో చేయి ఆడిస్తే నీలంగా మెరిసే వెలుగు చూడాలనుకుంటే నెల కన్నా తిథి ముఖ్యం. ఆ సంగతి కిందికొస్తాం.

రెండో మెట్టు: ఏడాదిని గాలి ప్రకారం విడగొట్టండి

అందరూ వాన గురించే అడుగుతారు. నా లెక్కలో అండమాన్‌లో ట్రిప్పుని పాడుచేసేది వాన కాదు, గాలి. గంటసేపు కుండపోతగా కురిసి ఆగిపోయిన వాన వల్ల ఏమీ కాదు, తడుస్తారు, ఆరిపోతారు. గాలి లేస్తే మాత్రం ఫెర్రీలు ఆగిపోతాయి, హేవ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌కి బోట్లు వదలరు, నీళ్ళు బురదెక్కి స్నార్కెలింగ్ మాస్క్‌లోంచి మీ చేతులే సరిగ్గా కనపడవు. కాబట్టి నెలల్ని గాలితో చదవండి.

మే చివర నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి. కేరళకి జూన్ 1న రావాల్సిన రుతుపవనాలు అండమాన్ సముద్రాన్ని అంతకు పది రోజుల ముందే, మామూలుగా మే 22 ప్రాంతంలో తాకుతాయి. ఇక్కడ మనం రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతున్నాయని విసుక్కునే సమయానికి అక్కడ గొడుగులు తెరుచుకుని ఉంటాయి. ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడే చోటు అది. హైదరాబాద్‌లో పడే వానకి మూడున్నర రెట్లకు పైమాటే. అందులో సింహభాగం ఈ నెలల్లోనే.

అక్టోబర్, నవంబర్, డిసెంబర్ సగం దాకా గాలి దిశ మారే కాలం. ఎండా ఉంటుంది, వానా ఉంటుంది. అసలు భయం వాయుగుండాలతోనే. మనకి ఆంధ్ర తీరంలో తుపాను అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, కానీ వాటిలో చాలా వాటికి అండమాన్ దారిలో మజిలీ అన్న సంగతి టూర్ ప్లాన్ చేసేటప్పుడు గుర్తుకురాదు. 2014 అక్టోబర్ 12న విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్, అంతకు నాలుగు రోజుల ముందు, 8వ తేదీన అండమాన్ దీవుల మీదుగానే వచ్చింది. 2013 నవంబర్‌లో లెహర్ కూడా ఆ దారినే దాటి మన తీరం వైపు వచ్చింది. 2016 డిసెంబర్ మొదటి వారం తర్వాత, పోయి పోయి చెన్నైని కొట్టిన వర్దా ఇంకా వాయుగుండంగా ఉన్నప్పుడే, హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నేవీ ఓడలు వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది.

అలాగని ఈ నెలలు పనికిరావని కాదు. నవంబర్‌లో వెళ్ళి అద్భుతమైన ఎండతో తిరిగొచ్చినవాళ్ళు బోలెడుమంది. అయితే అది మీ చేతిలో లేని వ్యవహారం. తిరుగు ప్రయాణం రెండు రోజులు ఆలస్యమైనా ఆఫీసులో ఇబ్బంది లేని వాళ్ళు వెళ్ళొచ్చు. మరుసటి రోజే పెళ్ళో, పరీక్షో ఉన్నవాళ్ళు ఈ నెలల జోలికి పోవద్దు.

డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా ఈశాన్య గాలి. ఆకాశం శుభ్రంగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. కానీ ఈ గాలికి సముద్రం కొంచెం కదులుతూనే ఉంటుంది, పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ వెళ్ళేటప్పుడు ఫెర్రీలో ఆ ఊపు తెలుస్తుంది. "జనవరి అంటే పీక్ సీజన్ కదా, సముద్రం చెరువులా ఉంటుంది" అనుకుని వెళ్ళినవాళ్ళు ఇక్కడే ఆశ్చర్యపోతారు. అరుదుగా జనవరిలోనూ తుపాను రావచ్చు. 2019 జనవరి మొదటి వారంలో పబుక్ థాయ్‌లాండ్ వైపు నుంచి అండమాన్ సముద్రంలోకి వచ్చింది.

ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ చివరిదాకా గాలి దాదాపు లేని కాలం. నన్నడిగితే అండమాన్‌కి అసలైన సీజన్ ఇదే. జనం తగ్గుతారు, సముద్రం నెమ్మదిస్తుంది, రిసార్టుల వాళ్ళు కూడా కాస్త దిగొస్తారు. మే మొదటి రెండు వారాలు కూడా చాలాసార్లు ఇలాగే గడిచిపోతాయి, కానీ ఆకాశం మూడ్ ఎప్పుడు మారుతుందో చెప్పలేం.

మూడో మెట్టు: మన సెలవులతో కలిపి చూసుకోండి

సిద్ధాంతంగా మార్చి బాగుందంటే సరిపోదు. పిల్లలున్న ఇంట్లో మార్చి అంటే పరీక్షలు. మన స్కూళ్ళ సెలవులు నాలుగు: దసరా, క్రిస్మస్‌–న్యూ ఇయర్, సంక్రాంతి, వేసవి.

దసరా సెలవులకి అండమాన్ వద్దనే నా మాట. సెప్టెంబర్ చివరో అక్టోబరో పడుతుంది, రెండూ తడి నెలలే. పైగా ఆ వారంలో బెంగాల్ అంతా పూజ సెలవుల్లో ఉంటుంది. కోల్‌కతా నుంచి అండమాన్‌కి నేరుగా విమానాలు, ఓడలు ఉన్నాయి కాబట్టి వాళ్ళు దండుగా వస్తారు. అంటే వాతావరణం ఆఫ్‌సీజన్‌ది, రేట్లు సీజన్‌వి.

క్రిస్మస్ నుంచి జనవరి 2 దాకా దేశమంతా అక్కడే ఉంటుంది. వాతావరణం బాగుంటుంది, జేబు బాగుండదు. రాధానగర్‌లో సూర్యాస్తమయం చూడాలంటే ముందు జనం తలలు చూడాలి.

సంక్రాంతి సెలవులు మనకి మాత్రమే కలిసొచ్చే అవకాశం. న్యూ ఇయర్ జనం దిగిపోయి ఉంటారు, వానలు బాగా తగ్గి ఉంటాయి. ఇబ్బంది ఒక్కటే, హైదరాబాద్ నుంచి ఆ వారం ఎటు వెళ్ళే విమానమైనా ధర మండిపోతుంది. దానికి చిన్న ఉపాయం: పండగ ఊళ్ళో చేసుకుని, కనుమ మర్నాడు చెన్నై మీదుగా బయల్దేరండి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాళ్ళకైతే చెన్నై ఎలాగూ దగ్గరే. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి విమానాలు ఎక్కువ, ప్రయాణం రెండు గంటల పైచిలుకు.

వేసవి సెలవుల విషయంలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. సెలవులు ఇవ్వగానే పిల్లల్ని అమ్మమ్మ ఊరికి పంపి, నాన్నకి లీవు దొరికాక మే నెలాఖరులో అండమాన్ వెళ్దామనుకుంటారు. ఆ వరస తిరగేయండి. రెండు రాష్ట్రాల్లోనూ స్కూళ్ళు దాదాపు ఏప్రిల్ 24 ప్రాంతంలో మూసేస్తారు. ఏప్రిల్ ఆఖరి వారంలో ముందు అండమాన్ వెళ్ళి రండి, అమ్మమ్మ ఊరు మేలో. ఆ వారంలో సముద్రం ఇంకా ప్రశాంతంగా ఉంటుంది, రుతుపవనాలు రావడానికి మూడు వారాలకు పైగా గడువుంటుంది. ఎండ సంగతికొస్తే, పొద్దున పదకొండు నుంచి మూడు దాకా గదిలో పడుకుంటే తీరిపోతుంది. పిల్లలున్న తెలుగు కుటుంబానికి ఏడాది మొత్తంలో ఒక్క వారం చెప్పమంటే ఇదే చెప్తాను.

పిల్లలు లేని జంటలు, పిల్లలు స్థిరపడిపోయిన పెద్దవాళ్ళు అదృష్టవంతులు. వాళ్ళు ఫిబ్రవరి రెండో సగం, మార్చి మొదటి సగం తీసుకోవచ్చు.

నాలుగో మెట్టు: క్యాలెండర్‌లో తిథి చూడండి

నెల ఖాయమయ్యాక ఆ నెలలో ఏ వారం అన్నది తేల్చాలి. దీనికి ఏ యాప్ కూడా అక్కర్లేదు, వంటింటి గోడకి తగిలించిన తెలుగు క్యాలెండర్ చాలు. అమావాస్య, పౌర్ణమి, అష్టమి ఎప్పుడో చూడండి.

సముద్రం రోజుకి రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ, వాటి తర్వాత ఒకటి రెండు రోజులూ ఈ తేడా చాలా ఎక్కువ. అండమాన్‌లో అప్పుడు పోటుకీ ఆటుకీ మధ్య నీటి ఎత్తులో తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ. కాకినాడలోనో మచిలీపట్నంలోనో జాలరి ఇంట పుట్టినవాళ్ళకి ఇది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. మిగతావాళ్ళం రిసార్టుకి డబ్బు కట్టాక తెలుసుకుంటాం.

ఎలాగంటే, హేవ్‌లాక్‌లో చాలా రిసార్టులు విజయ్‌నగర్ బీచ్ వెంట ఉన్నాయి. ఫొటోలో గది మెట్లు దిగితే నీళ్ళే. అమావాస్య రోజు ఆటు సమయంలో అదే మెట్ల మీద నిలబడి చూడండి: నీళ్ళు ఎక్కడో దూరంగా గీతలా ఉంటాయి. మధ్యలో అంతా బూడిదరంగు బండలు, నాచు, పాదం మునిగే గుంటలు, వాటిలో అడ్డంగా పరిగెత్తే చిన్న పీతలు. ఈత కొట్టడం మాట అటుంచి, చెప్పుల్లేకుండా అడుగు వేసినా చచ్చిన పగడాల అంచులు కోసేస్తాయి. మళ్ళీ ఆరు గంటలు ఆగితే అదే చోట నడుం లోతు నీళ్ళు. ఇదేమీ రిసార్టు వాళ్ళ మోసం కాదు, మీరు చూసిన ఫొటో పోటు వేళ తీసింది.

నీల్ దీవిలో కథ తిరగబడుతుంది. లక్ష్మణ్‌పూర్ దగ్గరున్న సహజ రాతి తోరణం దగ్గరికి నడవాలంటే ఆటు ఉండాల్సిందే. పోటులో వెళ్తే దూరం నుంచి చూసి రావాలి. ఆటు బాగా లోతుగా ఉన్న రోజున అక్కడి రాళ్ళ గుంటల్లో నిలిచిన నీళ్ళలో సముద్రపు దోసకాయలు, చిన్నచిన్న చేపలు చిక్కుకుని కనిపిస్తాయి. స్థానిక గైడుని పెట్టుకోండి, మనం పది నిమిషాలు చూసినా కనపడనిది అతను వేలు పెట్టి చూపిస్తాడు. అదే దీవిలో భరత్‌పూర్ బీచ్‌లో అడుగున అద్దం ఉండే గ్లాస్ బాటమ్ బోటు ఎక్కాలంటే మాత్రం నీళ్ళుండాలి, ఆటులో పగడాలు పైకి తేలి బోట్లు ఆపేస్తారు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. తోరణం, రాళ్ళ గుంటలు, రాత్రి నీలి వెలుగు మీకు ముఖ్యమైతే అమావాస్య చుట్టుపక్కల రోజులు పట్టుకోండి. ఆ నీలి వెలుగు నీళ్ళలోని కంటికి కనపడని జీవులది. వెన్నెల ఉంటే మన కంటికి ఆనదు, చీకటి ఎంత చిక్కగా ఉంటే అంత బాగా కనిపిస్తుంది. హేవ్‌లాక్‌లో రాత్రిపూట కయాక్‌లలో తీసుకెళ్ళి చూపిస్తారు. ఈత, పిల్లల ఆటలు, స్నార్కెలింగ్ ముఖ్యమైతే అష్టమి చుట్టుపక్కల వెళ్ళండి, రోజంతా నీటిమట్టం మరీ ఎక్కువ తక్కువలవ్వదు. పౌర్ణమి హనీమూన్ జంటలకి.

ఆటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ రోజు పొద్దున 6 గంటలకి ఉంటే రేపు 6.50కి, ఎల్లుండి 7.40కి. కాబట్టి పోర్ట్ బ్లెయిర్ టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) ఒక్క రోజుది దొరికితే మిగతా రోజులవి మీరే వేసుకోవచ్చు. నీల్‌లో ఉండే రోజుకి ఆటు చీకట్లో పడుతోందనుకోండి, నీల్‌ని ముందుకో వెనక్కో జరిపేయండి.

అయిదో మెట్టు: దీవిలో ఏ పక్క దిగాలి

హేవ్‌లాక్‌లో విజయ్‌నగర్, గోవింద్‌నగర్, కాలాపత్తర్ తూర్పు పక్క. రాధానగర్ పడమర పక్క. జనవరిలో ఈశాన్య గాలి తూర్పు ఒడ్డుని కొడుతుంది, రాధానగర్ నిశ్శబ్దంగా ఉంటుంది. మే తర్వాత నైరుతి గాలికి రాధానగర్‌లో అలలు ఎగసిపడతాయి, తూర్పు ఒడ్డు నెమ్మదిస్తుంది. గది ఎక్కడ తీసుకోవాలో దీన్ని బట్టి చూసుకోండి. రాధానగర్ పక్క వసతి తక్కువ, ఖరీదు ఎక్కువ. అయినా జనవరిలో వెళ్ళి ఈతే ధ్యేయమైతే ఆలోచించదగ్గదే, లేదా విజయ్‌నగర్‌లో ఉండి రోజూ ఆటోలోనో స్కూటీ మీదో రాధానగర్ వెళ్ళిరావచ్చు.

ఏ కాలంలోనైనా మొసలి హెచ్చరిక బోర్డున్న చోట నీళ్ళలో దిగకండి. "ఆ, ఏదో పెడతారులే" అనుకునే బోర్డు కాదది. 2010లో హేవ్‌లాక్‌లోనే ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్లకి దూరంగా ఉండండి.

ఆరో మెట్టు: రోజులు పేర్చుకోండి

అండమాన్‌లో గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనవాడు కాడు. దీవులు తూర్పున ఎక్కడో ఉన్నా టైము భారత కాలమానమే కాబట్టి, హైదరాబాద్ కన్నా దాదాపు గంట ముందు తెల్లారుతుంది, గంట ముందు పొద్దుగూకుతుంది. నవంబర్ చివర్లో, డిసెంబర్ మొదట్లో సాయంత్రం 5 కాకముందే సూర్యుడు మునిగిపోతాడు. ఏప్రిల్ చివర్లో 5.30 ప్రాంతం. సూర్యాస్తమయానికి రాధానగర్ చేరాలంటే మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీసి లేచి టీ తాగి వెళ్తే చీకటే దక్కుతుంది. డిసెంబర్‌లో అయితే 3.30కల్లా అక్కడ ఉండండి. అదే లెక్కన ఏప్రిల్‌లో పొద్దున 5.15కే వెలుగొచ్చేస్తుంది, ఎండెక్కకముందు రెండు మూడు గంటలు బీచ్ మీ సొంతం.

ఆరు రోజులుంటే ఇలా పేర్చండి: మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో దిగి జైలు, సౌండ్ అండ్ లైట్ షో. రెండో రోజు పొద్దున్నే ఫెర్రీలో హేవ్‌లాక్, అక్కడ రెండు రాత్రులు. నాలుగో రోజు నీల్, ఒక రాత్రి. అయిదో రోజు పోర్ట్ బ్లెయిర్‌కి తిరిగొచ్చి ఆ రాత్రి అక్కడే. ఆరో రోజు విమానం.

ఆ చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండడాన్ని మాత్రం ఎవరేమన్నా తీసేయకండి. నీల్ నుంచి పొద్దున ఫెర్రీ దిగి అదే రోజు మధ్యాహ్నం విమానం ఎక్కిస్తామని కొందరు ప్లాన్ వేసిస్తారు, ఒక రోజు గది అద్దె మిగులుతుందని. గాలి లేచి ఆ ఒక్క ఫెర్రీ రద్దయితే విమానం టికెట్లన్నీ గంగపాలు. స్కూబా చేసేవాళ్ళకి ఇంకో కారణం కూడా ఉంది: చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటల ఎడం ఉండాలి. పైన చెప్పిన వరసలో డైవింగ్ మూడో రోజుకే అయిపోతుంది.

బారాటాంగ్ సున్నపురాయి గుహలు చూడాలంటే ఒక పూర్తి రోజు కలపండి, వానాకాలంలో అయితే మానుకోండి. రోడ్డు మార్గం జరావా తెగవాళ్ళ రక్షిత అడవిలోంచి కాన్వాయ్‌గా వెళ్తుంది. దారిలో బండి ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు.

ఓడలో వెళ్ళాలన్న సరదా ఉంటే విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఉంది, కానీ ఎప్పుడో నెలకోసారి. ప్రయాణం రెండు రోజులకు పైనే పడుతుంది. ఓడ తేదీ చుట్టూ మీ సెలవులు తిప్పుకోవాలే తప్ప, మీ సెలవుల చుట్టూ ఓడ తిరగదు. ఫిబ్రవరి–ఏప్రిల్ మధ్య అయితేనే ఆ సరదా తీర్చుకోండి.

ఏడో మెట్టు: బుక్ చేశాక, బయల్దేరే ముందు

వరస ముఖ్యం. ముందు విమానం, తర్వాత ఫెర్రీ, చివరికి గది. చాలామంది గది ముందు బుక్ చేసి, పొద్దుటి ఫెర్రీ నిండిపోయిందని తెలిసి తలపట్టుకుంటారు. ప్రైవేటు ఫెర్రీలు గంటన్నర, రెండు గంటల్లో హేవ్‌లాక్ చేరుస్తాయి. పొద్దుటి సర్వీసే తీసుకోండి, మధ్యాహ్నం కన్నా సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. పొద్దుటిది రద్దయినా తర్వాతి దాంట్లో సర్దే ఆశ కూడా ఉంటుంది.

వారం ముందు నుంచి ఫోన్‌లో వచ్చే మామూలు వాతావరణ యాప్ చూసి టెన్షన్ పడకండి. దీవుల మీద ఏ రోజు చూసినా అది ఉరుముల బొమ్మే చూపిస్తుంది. దాని బదులు రెండు చూడండి. ఒకటి, వాతావరణ శాఖ మత్స్యకారులకిచ్చే హెచ్చరిక. అండమాన్ సముద్రంలో వేటకి వెళ్ళొద్దని అందులో ఉంటే మీ ఫెర్రీకి కూడా ఇబ్బందేనని అర్థం. రెండోది మన హైదరాబాద్ ప్రగతి నగర్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర స్థితి అంచనా. సునామీ హెచ్చరికలిచ్చేది కూడా వీళ్ళే. అండమాన్ ప్రాంతానికి అల ఎత్తు, గాలి వేగం విడిగా ఇస్తారు. అల ఎత్తు మీటరు లోపు ఉంటే హాయిగా వెళ్ళండి. రెండు మీటర్లకి చేరుతోందంటే చిన్న బోట్ల కార్యక్రమాలు ఆగిపోతాయనుకుని, ఆ రోజుకి జైలో, రాస్ ఐలాండో, మ్యూజియమో ముందుకు జరపండి.

ఫెర్రీ ఎక్కే రోజు పొద్దున రెండు ఇడ్లీలతో ఆపండి. పూరీ కూర, పులిహోర పొట్లం ఒడ్డు దిగాక. వాంతుల మాత్ర వేసుకునేవాళ్ళు ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, ఊపు మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికొస్తుంది. జెట్టీ దగ్గర భాష గురించి బెంగ వద్దు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో చాలామంది ఉన్నారు, "ఏ ఊరండీ మీది?" అని వాళ్ళే పలకరిస్తారు.

జూన్ నుంచి ఆగస్టులోపే సెలవు దొరికితే?

అమెరికా నుంచి వచ్చే పిల్లలకి సెలవులు అప్పుడే కాబట్టి ఈ ప్రశ్న చాలా ఇళ్ళలో వస్తుంది. అప్పుడు అండమాన్ పట్టుదల వదిలి దీవినే మార్చండి. లక్షద్వీప్, మాల్దీవులకీ ఆ నెలల్లో నైరుతి గాలే, అవి కూడా పక్కన పెట్టండి. శ్రీలంకలో గాల్ (Galle), బెంటోటా ఊళ్ళున్న నైరుతి తీరం తడిసి ముద్దవుతుంటే, తూర్పు తీరంలో ట్రింకోమలీ మే నుంచి సెప్టెంబర్ దాకా ప్రశాంతంగా ఉంటుంది. మనకి దగ్గర, ఖర్చు తక్కువ. బాలి భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది కాబట్టి దాని పొడి కాలం సరిగ్గా మన వానాకాలమే. థాయ్‌లాండ్‌లో ఫుకెట్ వద్దు, అవతలి పక్కనున్న కో సముయ్ చూడండి, అక్కడ పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య. మారిషస్‌లో అది శీతకాలం, తుపానుల భయం ఉండదు, కాకపోతే నీళ్ళు చల్లగా తగులుతాయి. వలసపోయిన తెలుగువాళ్ళ సంతతి ఉన్న దీవి అది, ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తారు.

ఇవేవీ కుదరక జూలైలోనే అండమాన్ వెళ్ళాల్సి వస్తే, హేవ్‌లాక్ ఒక్కటే పెట్టుకుని నీల్ వదిలేయండి. గదులు చవకగా దొరుకుతాయి, అడవి పచ్చగా ఉంటుంది. తిరుగు టికెట్ మాత్రం కొంచెం ఎక్కువ పెట్టయినా తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి.